కరకోల్ పురమున ఙకారోద్ధరణము

శిరస్సులపై ఎన్నడును కరగని హిమకిరీటములు దాల్చి, మేఘములను ఉత్తరీయములవలె భుజములపై వేసికొని నిలిచిన దివ్యపర్వతశ్రేణికి పాదపీఠమై, ఎముకలు కొరుకు శీతకాలమందును గడ్డకట్టనని మొండికేసిన ఇసిక్‌కుల్ మహాసరోవరమునకు తూర్పు కావలియై, పుల్లని కారపు ఆష్లాన్‌ఫు గిన్నెలతో ప్రొద్దున్నే పౌరుల కన్నుల నీరు రప్పించు కరకోల్ పట్టణమున, ఏడాది చదువు ముగిసెనని చాటు బడి కడపటి గంటకు సరిగ్గా ఒక్క దినము మిగిలియుండగా, వేసవి లోనికి రావచ్చునా రాకూడదా యని గడపలో తటపటాయించుచున్న ఆ ప్రాతఃకాలమున, సంసాలు కాల్చు అంగడిపైన, మూడు కుర్చీలును ఒక కెటిలును గల సాఫ్ట్‌వేర్ కార్యాలయమున, తెరయే కేడెముగా కీబోర్డే కోదండముగా కూర్చుండిన ఐజిరెక్ అను ముప్పదియేండ్ల వీరవనిత మొదటి గుటక టీ మ్రింగెనో లేదో, మెట్లపై అడుగుల చప్పుడు వినవచ్చెను.

ఆ అడుగులను ఆమె ఎరుగును. చిన్ననాట ఆరేండ్లపాటు ఆ చప్పుడు వినగానే ఆమె చేతులు వాటంతట అవియే పుస్తకము తెరచెడివి. ఇప్పుడును తెరవబోయి, పుస్తకము లేక, టీ కప్పును సర్దెను.

తలుపు తెరచుకొనెను. నలుబదియేండ్లుగా ఎర్రసిరా కలమును ఖడ్గమువలె ఝళిపించి, తప్పులతడక వాక్యములను తెగనరికిన మహాయోధురాలు, ఆ ఊరి బడికి ఉపప్రధానోపాధ్యాయిని, జూరాకన్ అరుదెంచి, చంకలోని కాగితముల కట్టను బల్లపై ధభాలున పడవైచెను. అవి మరునాడు వేదికపై పిల్లలకు పంచవలసిన మెప్పుపత్రముల నమూనాలు. ఆ పత్రములపై పేర్లు అచ్చొత్తు ప్రోగ్రామును వ్రాసినవారు ఐజిరెక్కును, ఆమె పై అధికారి ఉసొనును.

"ఏమే ఐజిరెక్, మన భాషకి ఎన్ని అక్షరాలు?"

"ముప్పై ఆరు, ఎజె." ఆ ఊరిలో తనకంటె పెద్దదైన ఆడుదానిని ఎవ్వరైనను ఎజె యనియే పిలుతురు; పెద్దవాడైన మగవానిని బైకే యందురు.

"మరి మీ మిషనుకి ముప్పై ఐదే వచ్చా ఏమిటి?"

ఐజిరెక్ పై కాగితమును తీసి చూచెను. చూచినంతనే ఆమె ముఖమునుండి రక్తము దిగిపోయెను. మాయమైనది ఙకారము! కవర్గము చివర కూర్చుండి, పిల్లలు ఏకరువు పెట్టునపుడు తప్ప మరి దేనికిని పిలుపు నోచుకొనని మన ఙకారమువంటిది కాదు వారి ఙకారము. నకారమునకు కుడికాలి క్రింద చిన్న తోక తగిలించిన ఆకారముతో అది పేర్లలో, పాటలలో, తిట్లలో రేయింబవళ్ళు చాకిరి చేయునది. అట్టి అక్షరము, మూడువందల పత్రములలో పదునొకండింట, చోటైనను మిగల్చక, చుక్కయైనను విడువక, సమూలముగ అదృశ్యమైయుండెను. జాఙిల్ జాయిల్ అయ్యెను. తెఙ్‌దిక్ తెదిక్ అయ్యెను.

"ఇది చదువు," అని జూరాకన్ ఒక పత్రముపై వ్రేలు మోపెను.

"తా... సులూ."

"పిల్ల పేరు తాఙ్‌సులూ. అంటే?"

"వేకువలాంటి అందగత్తె."

"ఇప్పుడు నువ్వు చదివింది మన వాళ్ళ చెవిలో ఎలా పడుతుంది?"

ఐజిరెక్ పెదవి కొరుకుకొనెను. ఆ భాషలో అది అచ్చము 'బోడిగుండు సుందరి' యన్నట్లు పడును. ఇంతలో కిటికీ ప్రక్క కుర్చీలోనుండి భుర్రుమని ఒక శబ్దము వెడలెను. ఉసొన్ నోటిలోని టీ ముక్కులోనికి పోయెను.

"నవ్వావు కదూ?" అని జూరాకన్ అతనివైపు తిరిగెను. "నలభై ఏళ్ళవాడివి, ఇద్దరు బిడ్డల తండ్రివి, నువ్వే ఆపుకోలేకపోయావు. రేపు అతిథిగారు మైకులో ఇలా చదివితే మూడొందలమంది పిల్లలు ఆపుకుంటారా? తొమ్మిదో క్లాసు పిల్ల అది. లెక్కల్లో బడికంతటికీ మొదటొచ్చింది. ఇంకో రెండేళ్ళు అదే బడిలో చదవాలి, ఈ పేరుతో!"

ఉసొన్ దగ్గుచు లేచి నిలిచెను. "తప్పే ఎజె. అయితే ఆ పదకొండు పేర్లూ చేత్తో రాసేస్తే? నా దస్తూరి బాగానే ఉంటుంది."

"మిగతా పిల్లలందరికీ బంగారు రంగు అచ్చు, వీళ్ళకి మాత్రం నీ కోడిగీతలా? పేరులో తోక అక్షరం ఉండటమే వాళ్ళ నేరమా?" జూరాకన్ కుర్చీ లాగికొని కూర్చుండెను. "మా అక్క జాఙిల్. దాని గుర్తింపు కాగితంలో జానిల్ అని పడింది. నలభై ఏళ్ళుగా ఏ ఆఫీసుకెళ్ళినా తను తనేనని నిరూపించుకుంటోంది, పాపం. మొన్న పింఛనాఫీసులో ఒక కుర్రది అడిగిందట, జానిల్‌గారు రాలేదా అని. మా అక్క ఏమందో తెలుసా? ఆవిడ కోసం నేనూ నలభై ఏళ్ళుగా వెతుకుతున్నానమ్మా అంది." ఆమె సంచిలోనుండి దిద్దవలసిన పుస్తకములును ఎర్రకలమును బయటికి తీసెను. "అచ్చాపీసువాళ్ళు ఒంటిగంటకి మిషను ఆపేస్తారు. అప్పటిదాకా నేనిక్కడే. కానివ్వండి."

ఉసొనునకు ఒక దుర్వ్యసనము కలదు. అతని తాత సంతలలో వీరగాథలు పాడినవాడట. మనుమనికి గాథలు రాలేదు కాని గొంతు వచ్చెను. ఆవేశము కలిగినప్పుడెల్ల అతడు పాటగానివలె కుడిచేయి చాచి ఘోషించును. ఇప్పుడును చాచెను.

"వినుగాక ఈ గోడలు! వినుగాక ఈ కెటిల్! పసిపిల్లల పేర్లలో ప్రాణాక్షరమును దొంగిలించిన ఓ అజ్ఞాత పాపాత్ముడా, ఏడు కొండల అవతల దాగినను, ఏ సర్వరు గర్భమున దూరినను, నీ మెడపట్టి ఈడ్చి ఈ మహాతల్లి పాదములకడ పడవేయక నేను..."

"బైకే, నెమ్మది. కింద సంసాలాయన పైకి చూస్తున్నాడు."

అతడు గొంతు తగ్గించి కూర్చుండెను. ఐజిరెక్ అప్పటికే యుద్ధసన్నద్ధయై, మౌసు అను మూషికమును బల్ల అంచునకు నెట్టివైచి, బొమ్మలుగాని మీటలుగాని లేక నల్లని శూన్యమున తెల్లని అక్షరములతో మాత్రమే ఆజ్ఞలను స్వీకరించు కమాండ్ లైన్ అను రణరంగమును తెరచెను.

నిరుటి వసంతమున ఇదే ప్రోగ్రాము ఇవే పేర్లను చక్కగా అచ్చొత్తినది. కావున ఈ ఏడాది జరిగిన మార్పులలో ఏదో యొకటి ఙకారమును మ్రింగినది. ఆ కార్యాలయమున ప్రోగ్రామునకు ఏ మార్పు చేసినను దానిని ఒక చీటీగ వ్రాసి దాచుదురు. ప్యాచ్ అని దాని పేరు. తీసివేసిన పంక్తికి ముందు ఒక అడ్డగీత, చేర్చిన పంక్తికి ముందు ఒక కూడికగుర్తు, ఆ మార్పు ఎక్కడ జరిగినదో తెలియుటకై చుట్టుప్రక్కల పంక్తులు కొన్ని ఉన్నవి ఉన్నట్లు. అట్టి ప్యాచ్‌లు ఆ ఏడాదిలో ఆరువందల పన్నెండు పోగుపడియుండెను. ఆ మహారణ్యమున దాగిన దొంగను పట్టుటకు ఆమెకడ గ్రెప్ అను అస్త్రము కలదు. ఏ అక్షరములను చెప్పి ప్రయోగింతుమో, ఆ అక్షరములున్న ప్రతి పంక్తిని అది మెడపట్టి ముందునకు లాగుకొనివచ్చును.

"ఙ" అని ఉపదేశించి ఆమె ఆ అస్త్రమును ప్రయోగించెను.

ఆహా, ఏమని చెప్పుదును! ఆనకట్ట తెగిన కొండవాగువలె, జైలూ అను కొండమీది పచ్చికబయళ్ళనుండి ఒక్కపెట్టున దిగు గొఱ్ఱెల మందలవలె, క్రిందనుండి మీదికి, మీదనుండి అనంతమునకు, పంక్తులు పంక్తులు పంక్తులు తెరపై పరుగెత్తెను. తప్పు చేసినవి, తప్పు చేయనివి, తప్పు జరిగినప్పుడు ఊరకే ప్రక్కన నిలుచున్నవి, అన్నియు వచ్చెను. పదునాలుగువేలు!

"ఏమిటే ఆ పరుగు?" అని జూరాకన్ కళ్ళజోడు పైనుండి చూచెను. "ఇందులో మనవాడెవడు?"

"అందరూ మనవాళ్ళే ఎజె. అదే తంటా. తీసేసిన పంక్తులు మాత్రమే రావాలి."

"అయితే తీసేసినవే అడుగు."

ఆ మాట న్యాయమైనదే. తీసివేసిన పంక్తి అడ్డగీతతో ఆరంభమగును గదా! ఐజిరెక్ ఙకారమునకు ముందు ఒక అడ్డగీతను సంధించి, ధైర్యముగ రెండవసారి అస్త్రమును విడచెను. అయ్యో! ఆ అస్త్రమునకు ఒక శాపము కలదు. అడ్డగీతతో ఆరంభమగు ఏ మాటనైనను అది వెదకవలసిన వస్తువని ఎంచక, తనకే ఇచ్చిన ఆజ్ఞయని ఎంచును. కావున శత్రువుపైకి పోక, వెనుకకు తిరిగి, ఇట్టి ఆజ్ఞ నేనెరుగను, నన్ను వాడు విధానము ఇది, అని స్వామినినే గద్దించెను. ఆమె ఉల్లేఖన చిహ్నముల కోటలో పెట్టి విడచెను. మరల గద్దించెను. ఒంటి కోట తీసి జంట కోటలో పెట్టెను. అదే గద్దింపు.

"ఎవరు తిడుతున్నారు నిన్ను?"

"మిషను, ఎజె."

"తప్పు చేసింది అది, తిట్లు నీకా? బాగుంది సంసారం."

గడియారము పదకొండున్నర చూపెను.  వేదికపై ఒక పిల్ల మెట్లెక్కుచున్నట్లును, మైకు దగ్గర ఎవరో గొంతు సవరించుకొనుచున్నట్లును ఐజిరెక్ కన్నులకు కట్టెను. ఉసొన్ ఆమె ముఖము చూచి లేచెను.

"ఖాళీ కడుపుతో మైనస్సులు ప్లస్సులు ఏమీ కనపడవు. కిందికెళ్ళి సంసాలు తెస్తా. ఎజె, మీకు మాంసంవా, గుమ్మడికాయవా?"

"మాంసంవి. కాలినవి చూసి తే, నిన్నటివి అంటగడతాడు."

అతడు కొక్కెముననున్న తన తెల్లని ఉన్ని టోపీని, కల్పాకును, తీసి తలపై పెట్టుకొనెను. కల్పాకు కొండశిఖరమువలె కొసతేలియుండును. ఆ కొసతేలిన శిఖరమును, దాని క్రింద నిలువునా నిలచిన ఉసొనును ఐజిరెక్ చూచెను. చూచి, మరల చూచి, కుర్చీలోనుండి అమాంతముగ లేచెను.

"టోపీ పెట్టాలి బైకే!"

"పెట్టుకున్నాగా."

"మీకు కాదు, గీతకి!"

ఉసొనును జూరాకనును ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. కాని ఆమె పిచ్చిమాట ఆడలేదు. కీబోర్డుపై ఆరవ అంకెకు మీద, చిన్న కల్పాకువలెనే కొసతేలిన ఒక గుర్తు కలదు. పంక్తి మొదట అని గ్రెప్ అస్త్రమునకు దాని యర్థము. అడ్డగీత తలపై ఆ టోపీని పెట్టినచో, మాట ఇక అడ్డగీతతో ఆరంభము కాదు, టోపీతో ఆరంభమగును. అస్త్రము మోసపోవును. పైగా పంక్తి మొదట అడ్డగీత ఉన్నవి మాత్రమే వచ్చును. ఒక్క టోపీతో రెండు కార్యములు!

టోపీ, దాని క్రింద గీత, ఆపై ఏవైనను, ఆపై ఙకారము. ఆమె ఊపిరి బిగబట్టి విడచెను. అస్త్రము ఈసారి తిట్టలేదు. తలవంచి వెళ్ళి, వేయిన్ని తొమ్మిదివందల పంక్తులను తెచ్చి పాదములకడ పెట్టెను.

"తగ్గాయి," అని జూరాకన్ మెచ్చుకొనెను. "పద్నాలుగువేల నుంచి రెండువేలు. ఇంకా ఒక గంటే ఉంది, ఏం చేస్తావ్?"

ఆ ఏడాదిలో రెండుసార్లు ప్రోగ్రాములోని సందేశములన్నిటిని ఊడ్చి వరుస మార్చిరి. అందువలన నిర్దోషులగు మాటలెన్నో తీసివేతల గుంపులో చేరినవి. ఐజిరెక్, ఉసొన్ తెచ్చిన సంసా ఒకచేత, పంక్తులు ఒకచేత పట్టినట్లు చదువసాగెను. నూరు చదివెను. నూటయేబది చదివెను. ఉల్లిపాయ వాసన తెరకు అంటుకొనెను.

"నీకేం కావాలో అది ఎలా ఉంటుందో తెలుసా అసలు?" అని జూరాకన్ అడిగెను. "క్లాసులో కాపీ కొట్టినవాణ్ణి నేను ఒక్కొక్క పేజీ చదివి పట్టుకోను. వాడు ఏ ముక్క దొంగిలించి ఉంటాడో ముందే అనుకుంటా, ఆ ముక్కే వెతుకుతా."

ఐజిరెక్ నమలుట మానెను. పేర్లలోని ఏయే అక్షరములను అచ్చునకు పోనీయవలెనో చెప్పు పట్టిక యొకటి ప్రోగ్రాములో ఎక్కడనో యుండును. ఆ పట్టికలో లేని అక్షరమును అది జల్లెడవలె క్రింద పారవేయును. మరి పట్టిక యన్న వెంటనే...

"ఎజె, అక్షరమాల చెప్పండి. న దగ్గర్నుంచి."

"ఏమిటి, నాకే పరీక్షా?" అనుచునే ఆమె వెన్ను నిటారు చేసి, ఒకటవ తరగతి గొంతుతో చదివెను. "న, ఙ, ఒ..."

"చాలు!"

నఙఒ! ఏ పేరులోను, ఏ సందేశములోను, ఏ తిట్టులోను ఆ మూడును ఆ వరుసలో ఆనుకొని యుండవు. అక్షరమాలలో మాత్రమే యుండును. ఐజిరెక్ టోపీ, గీత, ఏవైనను, ఆపై నఙఒ అని సంధించి, గురువునకు మనసులో మ్రొక్కి, ఆరవసారి విడచెను.

తెర మిన్నకుండెను. ఒక్క పంక్తియు రాలేదు. సున్న!

ఆ నిశ్శబ్దమున క్రింది అంగడిలో పొయ్యి తలుపు మూసిన చప్పుడు స్పష్టముగ వినబడెను. గడియారమున పన్నెండు గంటల ఇరువది నిమిషములు. ఉసొన్ కల్పాకు తీసి ఒడిలో పెట్టుకొనెను, మృతవీరునికి నివాళి యిచ్చువానివలె. ఐజిరెక్ కన్నులలో నీరు తిరిగెను. పంక్తులు పదునాలుగువేలు వచ్చినప్పుడు ఆమె బెదరలేదు, మిషను తిట్టినప్పుడు అలగలేదు. ఈ శూన్యము మాత్రము ఆమెను కూలద్రోసెను.

"నావల్ల కాలేదు ఎజె. బైకే చెప్పినట్టు చేత్తోనే..."

"నోర్ముయ్," అని జూరాకన్ మృదువుగ పలికెను. ఆమె నమూనా పత్రమును ఎత్తి తెరప్రక్కన పెట్టి, ఎర్రకలముతో తట్టెను. "నాకు మీ మిషను తెలీదు. కానీ ఇది చూడు. పేర్లన్నీ పెద్దక్షరాల్లో పడ్డాయి. నువ్వేమో చిన్నక్షరాల్లో వెతుకుతున్నావు. పెద్దమ్మ కోసం చిన్నమ్మ ఇంటికెళితే దొరుకుతుందటే?"

మన అక్షరములవలె ఉన్న రూపముతో తృప్తిపడక, ప్రతి అక్షరమును పెద్దదియు చిన్నదియు అని రెండు దేహములు ధరించు లిపి వారిది. ఆ సంగతి పుట్టినదాదిగ ఎరిగియు మరచిన ఐజిరెక్, తల నిమురుకొని, అవే మూడు అక్షరములను పెద్దదేహములతో వ్రాసి, ఏడవసారి, కడపటిసారి, అస్త్రమును విడచెను.

ఒక్కటి వచ్చెను.

ఆరువందల పన్నెండు ప్యాచ్‌ల అరణ్యమునుండి, పదునాలుగువేల పంక్తుల సైన్యమునుండి, ఒకే యొక్క పంక్తి, తలపై అడ్డగీత ధరించి, సంకెళ్ళతో వచ్చి నిలచెను. నాలుగువందల ఏడవ ప్యాచ్. కార్తీకమాసపు చలిదినములలో వ్రాసినది.

"దొరికాడు!" అని ఉసొన్ సింహనాదము చేసి, కల్పాకును గాలిలోనికి ఎగురవైచి, కుడిచేయి చాచెను. "చదువు! ఆ నీచుని పేరు చదువు!"

ఐజిరెక్ ప్యాచ్ తెరచెను. చదివెను. చదివి గొంతు సవరించుకొనెను.

"బైకే... మీరే."

చాచిన చేయి చాచినట్లే యుండెను.

"వివరణ కూడా రాశారు. 'అక్షరాల పట్టిక శుభ్రం చేశాను. పరీక్షించాను, బాగుంది.'"

ఉసొన్ మెల్లగా వచ్చి తెరలోనికి వంగెను. ఙకారమునకు తోడు, పొరుగువారి లిపిలో లేకుండ తమ లిపిలో మాత్రమే యున్న అక్షరములు మరి రెండు కలవు. పట్టికను క్రొత్తగ వ్రాయుచు అతడు పొరుగు లిపిని ఉన్నది ఉన్నట్లు దింపి, ఆ రెండింటిని గుర్తుగా చేర్చి, మూడవదానిని మరచెను.

"పరీక్షించాను, నిజంగానే," అని అతడు సంసా అంగడికి కూడ వినబడనంత చిన్నగ పలికెను. "నా పేరు కొట్టి చూశాను. సరిగ్గా పడింది."

జూరాకన్ ఒక్క క్షణము ఆలోచించెను. ఉసొన్ అను పేరులో ఆ రెండక్షరములును కలవు. మూడవది లేదు.

"ఊళ్ళో నీ పేరొక్కటే ఉందా నాయనా?"

 ఉసొన్ చెవులు కెంపులయ్యెను. పిదప, ఎన్నడును లేనిది, కంఠమున వీరగాథ లేక, మామూలు మనుష్యునివలె పలికెను. "తప్పు నాది. ఆ అమ్మాయిని తలుచుకుని ఇందాక నవ్వాను కూడా. ఐజిరెక్, లే, నేను దిద్దుతా. కాదు, వద్దు. నువ్వే దిద్దు. నేను మళ్ళీ ఇంకోటి మింగేస్తానేమో."

ఐజిరెక్ నవ్వెను, ఆమె నవ్వగానే జూరాకనును నవ్వెను. పట్టికలో నకారమునకును ఒకారమునకును నడుమ, ఆరునెలలుగా తన స్థానమునకు దూరమైన ఙకారమును, కుడికాలి తోకతో సహా, ఐజిరెక్ రెండు వ్రేళ్ళతో పట్టి కూర్చుండబెట్టెను. తీసివేసిన పంక్తి ఒకటి, చేర్చిన పంక్తి ఒకటి, మారిన అక్షరము ఒకటి. ఆరువందల పదుమూడవ ప్యాచ్. ఈసారి పరీక్షకు ఆమె పదునొకండు పేర్లును కొట్టి చూచెను. పిదప ఉసొన్ పేరును కొట్టెను, పాపము, అతడు చిన్నబుచ్చుకొనకుండ.

పన్నెండు గంటల నలుబది నిమిషములు. పెన్‌డ్రైవు గుప్పిట పట్టి ఐజిరెక్ మెట్లు దిగెను. కాగితముల కట్టతో జూరాకన్ దిగెను. తలపై టోపీ లేకయే ఉసొన్ దిగెను. వీధి చివరి అచ్చాపీసులో పనివాడు అప్పటికే చేతులు కడుగుకొనుచుండెను. జూరాకన్ గుమ్మములో నిలచి అతనిని ఒక్క చూపు చూచెను. అతడును ఆమె శిష్యుడే. చేతులు తుడుచుకొని మిషను తిప్పెను.

తొలి పత్రము వెచ్చవెచ్చగ వెలువడెను. జూరాకన్ దానిని రెండుచేతుల పట్టి, కళ్ళజోడు సర్దుకొని, పైకి చదివెను. "తాఙ్‌సులూ." ఙకారము ఆమె ముక్కులో మ్రోగి, గంట కొట్టిన పిదప గాలిలో మిగులు నాదమువలె ఒక్క క్షణము నిలచిపోయెను.  ఆమె ఎర్రకలమునకు మూత పెట్టి సంచిలో వేసికొనెను.

మరునాడు ఎండ కాసెను. పిల్లలు బారులు తీరిరి, తెల్లని రిబ్బనులు రెపరెపలాడెను. ఐజిరెక్కును ఉసొనును కంచె ప్రక్క, తల్లిదండ్రుల వెనుక, మునివ్రేళ్ళపై నిలచి చూచుచుండిరి. అతిథి మైకు తట్టి, కాగితము చూచి, తాఙ్‌సులూ పేరు పిలిచెను. సన్నని జడల పొడుగాటి పిల్లయొకతె మెట్లెక్కి, పత్రము తీసికొని, తల వంచి, మెట్లు దిగి తన వరుసలో నిలచి, ప్రక్కపిల్లతో ఏదో గుసగుసలాడెను. అంతే. అతిథి తరువాతి పేరు పిలిచెను. ఒక్క ముఖమైన తిరుగలేదు. ఒక్క నోరైన విచ్చుకొనలేదు.

ఉసొన్ ఐజిరెక్ భుజము గట్టిగ పట్టుకొనెను. ఆమె కన్నులు తుడుచుకొనుచు, "చూశారా బైకే," అనెను, "ఎంత బాగా ఏమీ జరగలేదో!"

జయము, జయము! ఓ శ్రోతలారా, దిక్కులు పిక్కటిల్ల చాటుడు! హిమగిరుల సాక్షిగ, సరోవరము సాక్షిగ, మూడువందలమంది పిల్లలును వారి సమస్త బంధుజనమును చూచుచుండగా, కరకోల్ పురమున ఆ ఉదయము పదిగంటల ఆరునిమిషములకు, ఎవ్వరును నవ్వలేదు.